కొవ్వొత్తిలో కొవ్వు ఎక్కడిది?
ఆరాధనలో వాడిన మైనములు – గోదావరి సీమ నుండి ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

క్రిస్మస్ ముందు రాత్రి ఆరాధనలోను, ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలోను మన సంఘాలవారు కొవ్వొత్తులు వెలిగించడం నేడు సర్వసాధారణమైపోయింది. బలిపీఠం మీద రెండు కొవ్వొత్తులు లేనిదే ఆరాధన మొదలుపెట్టని సంఘాలు ఉన్నాయి. వాటిని గడప దాటనివ్వని సంఘాలూ ఉన్నాయి. ఇరుపక్షాల వారికీ తమ అలవాటు మీద గట్టి అభిప్రాయమే ఉంది. కాని మన చేతిలో వెలుగుతున్నది ఏ పదార్థం, అది ఎక్కడినుండి వచ్చింది అని ఆలోచించినవారు తక్కువ.

ఈ ప్రశ్న కేవలం కుతూహలానికి సంబంధించినది కాదు. తేనె మైనపు కొవ్వొత్తి మాత్రమే ఆరాధనకు తగిన "శుద్ధమైన" వెలుగు అని కొందరు బోధిస్తున్నారు. మరోవైపు, అన్నవరం వంటి యాత్రాస్థలానికి చేరువలో పరిచర్య చేసే సేవకునికి ఇంకొక ప్రశ్న ఎదురవుతుంది. రత్నగిరి మీద సత్యనారాయణ స్వామి వ్రతానికి నేతి దీపం, నూనె దీపం వెలిగించే పొరుగువారు మన కూడికకో, సంతాప సభకో వచ్చినప్పుడు కొవ్వొత్తి అందుకుంటూ "ఇందులో పశువుల కొవ్వు ఉంటుందా అండీ?" అని అడుగుతారు. అది ఎగతాళి కాదు, మనస్సాక్షితో అడిగే ప్రశ్న. దానికి నిజమైన జవాబు చెప్పగలగాలంటే చరిత్ర తెలియాలి.

ఏ కాలంలో ఏ మైనం వెలగాలో ఎక్కువగా నిర్ణయించినవి వ్యాపారము, వాతావరణము, రసాయన శాస్త్రము. సంఘము ఆ తరువాత దానికి అర్థం చెప్పుకొన్నది. కనుక ఏ మైనమూ సిద్ధాంతం కాజాలదు. అయినా ఎంపిక మాత్రం బాధ్యతతో చేయవలసినదే. ఈ వ్యాసంలో చూపదలచినది ఇదే.

1. మాటలో దాగిన చరిత్ర

"కొవ్వొత్తి" అనే మాటను విడదీస్తే కొవ్వు, ఒత్తి అని రెండు మాటలు వస్తాయి. అంటే ఈ పేరు పెట్టిన కాలంలో మనవారు చూచినది పశువుల కొవ్వుతో పోసిన వత్తి. "మైనపు వత్తి" అనే మాట కూడా భాషలో ఉన్నది గాని జనం నోట నిలిచినది మొదటిదే. పదార్థం మారిపోయింది, పేరు మిగిలిపోయింది. నేడు కిరాణా కొట్టులో దొరికే కొవ్వొత్తిలో ముఖ్య పదార్థం కొవ్వు కాదు, ముడి చమురు నుండి తీసిన పారాఫిన్ మైనం.

మైనం తెలుగువారికి కొత్త కాదు. తేనెపట్టు పిండగా మిగిలిన దానిని సంస్కృతంలో "మధూచ్ఛిష్టము" అన్నారు. లోహ విగ్రహాలు పోతపోసేవారు ముందుగా మైనంతో రూపం చేసి, దాని మీద మట్టి పూసి, వేడికి మైనం కరిగించి, ఆ ఖాళీలో లోహం పోసేవారు. కోరమండల్ తీరపు అద్దకపు పనివారు నీలిమందు అంటకూడని చోట బట్టమీద మైనం పూసేవారు. మచిలీపట్నం నుండి ఓడలెక్కిన బట్టల వెనుక ఈ మైనపు పని ఉన్నది. అయితే ఈ సీమలో వెలుగు కోసం మైనాన్ని కాల్చే ఆచారం ప్రబలలేదు. ఇంట్లో వెలుగు ఆముదానిదో, నువ్వుల నూనెదో, కోనసీమలో అయితే కొబ్బరి నూనెదో. నూనె గింజలు పండే నేలకు మైనం కాల్చవలసిన అవసరం లేకపోయింది.

2. పరిశుద్ధ గ్రంథములో మైనము, దీపము

పాత నిబంధనలో మైనము నాలుగు చోట్ల కనబడుతుంది: కీర్తన 22:14, 68:2, 97:5, మీకా 1:4. నాలుగింటిలోను అది కరిగిపోయే దానికి పోలికగానే వచ్చింది. వెలుగునిచ్చే పదార్థంగా ఒక్కసారి కూడా రాలేదు. ప్రత్యక్ష గుడారంలోని దీపవృక్షం నూనె దీపాలది. దానికి ఏ నూనె వాడవలెనో నిర్గమకాండము 27:20, లేవీయకాండము 24:2 స్పష్టంగా చెబుతున్నాయి. అది ఒలీవ నూనె. ఆరాధన దీపానికి గ్రంథం ఒక ఇంధనాన్ని పేర్కొన్నదంటే అది ఈ ఒలీవ నూనె మాత్రమే, తేనె మైనం కాదు.

1611 నాటి ఆంగ్ల అనువాదకులు మత్తయి 5:15లో దీపమును "క్యాండిల్" అనీ, దీపస్తంభమును "క్యాండిల్‌స్టిక్" అనీ వ్రాశారు. వారి ఇళ్లలో ఉన్న వెలుగు అదే గనుక ఆ మాట వాడారు. మన తెలుగు బైబిలులో ఆ చోట "దీపము" అనే ఉన్నది. మూలభాషలోని మాటకు ఇదే సరియైన అర్థం. ఈ విషయంలో తెలుగు పాఠకుడు 1611 నాటి ఆంగ్ల పాఠకుని కంటె యేసు ప్రభువు కాలపు ఇంటికి దగ్గరగా ఉన్నాడు. ప్రమిద, నూనె, వత్తి అతనికి వివరించనక్కరలేదు.

3. ఆది సంఘములో మైనపు వివాదము

సంఘంలోకి మైనపు వత్తులు వివాదం లేకుండా రాలేదు. నాలుగవ శతాబ్ది ఆరంభంలో స్పెయిన్‌లోని ఎల్విరాలో కూడిన సభ సమాధుల తోటలో పగటిపూట మైనపు వత్తులు వెలిగించరాదని శాసించింది. దాదాపు అదే కాలంలో లాక్టాంటియస్, వెలుగును సృజించినవానికి మైనపు వెలుగు కానుకగా ఇవ్వడంలో అర్థమేమిటని అన్యమతాచారాన్ని విమర్శించాడు. తరువాత నూరేళ్లకు గాల్ దేశపు విజిలాంటియస్, హతసాక్షుల అవశేషాల ముందు పట్టపగలు వత్తులు వెలిగించడాన్ని ఖండించాడు. అతనికి జవాబుగా 406లో జెరోము తీవ్రమైన గ్రంథం వ్రాశాడు. తూర్పు సంఘాలలో సువార్త చదివేటప్పుడు పగలైనా దీపాలు వెలిగిస్తారనీ, అది చీకటి పోగొట్టడానికి కాక సంతోషానికి గుర్తనీ జెరోము వాదము.

ఈ వాదంలో కాలక్రమేణా జెరోము పక్షమే నెగ్గింది. పాశ్చాత్య సంఘం ఈస్టరు జాగరణలో పాస్కా వత్తిని వెలిగించి, దానిని స్తుతించే గానంలో తేనెటీగల పనిని కూడా స్మరించింది. తేనెటీగలు సంపర్కం లేకుండానే పిల్లలను కంటాయని పూర్వులు నమ్మేవారు గనుక, తేనె మైనాన్ని కన్యయైన మరియనుండి పుట్టిన క్రీస్తు శరీరానికి గుర్తుగా చెప్పారు. జీవశాస్త్రం ప్రకారం ఆ నమ్మకం నిలవదు. రాణి ఈగ పోతుటీగలతో కలిసే గుడ్లు పెడుతుంది. 1904లో రోమా పరిషత్తు, పాస్కా వత్తి, పూజకు తప్పనిసరియైన రెండు వత్తులు అత్యధిక భాగం తేనె మైనముతో ఉండాలని నిర్ణయించింది. పూర్తిగా అనక "అత్యధిక భాగం" అనవలసి వచ్చిందంటే అప్పటికే చౌక మైనములు బలిపీఠం దాకా వచ్చాయని అర్థం.

4. సంస్కరణోద్యమము, మన డెల్టా సంఘాలు

సంస్కరణోద్యమం వత్తుల విషయంలో ఏకాభిప్రాయానికి రాలేదు. లూథరు వాటిని ఉంచినా తీసివేసినా రక్షణకు సంబంధం లేని విషయంగా ఎంచాడు. కనుక లూథరన్ బలిపీఠాల మీద అవి నిలిచాయి. జూరిక్‌లో జ్వింగ్లీ అనుచరులు వాటిని తొలగించారు. ఇంగ్లండులో ఆరవ ఎడ్వర్డు రాజు 1547 ఆజ్ఞలు బలిపీఠం మీద రెండు దీపాలను మాత్రం ఉంచి మిగిలినవి తీయించాయి.

ఈ మూడు ధోరణుల వారసులు మన సీమకు వచ్చారు. 1836లో వచ్చిన విలియం బౌడెన్, జార్జి బీర్‌లు నరసాపురం ప్రాంతంలో స్థాపించిన గోదావరి డెల్టా మిషను సహోదర సంఘాలలో బలిపీఠమే లేదు, ఇక దాని మీద వత్తుల మాట ఎక్కడిది? 1840ల దశకంలో రాజమహేంద్రవరంలో జర్మన్ మిషనరీలు ఆరంభించి, తరువాత అమెరికన్ లూథరన్ల చేతికి వచ్చిన సంఘం బలిపీఠపు వత్తులను తెచ్చింది. 1874లో కాకినాడలో జాన్ మెక్లారిన్ ప్రారంభించిన కెనడియన్ బాప్టిస్టు పని, 1882లో సామర్లకోటలో మొదలైన వేదాంత పాఠశాల, పిఠాపురం, తుని వైపు విస్తరించిన సంఘాలు వత్తులు లేని ఆరాధననే నేర్పాయి. నేడు ఆ సంఘాల యువకులు కూడా క్రిస్మస్ రాత్రి కొవ్వొత్తులు పట్టుకొంటున్నారు. ఆ ఆచారానికి తెలిసిన మూలాల్లో ఒకటి మొరేవియన్లది. 1747 క్రిస్మస్ సాయంకాలం జర్మనీలోని మారియన్‌బోర్న్‌లో యోహానెస్ డి వాటెవిల్ పిల్లలకు ఎర్ర రిబ్బను కట్టిన చిన్న వత్తులు పంచాడు. ఒక సంఘం కాదన్నది మరొక సంఘం ద్వారా తిరిగి వచ్చింది.

5. మైనముల పోలిక

ఇప్పుడు ఆయా పదార్థాలను పక్కపక్కన ఉంచి చూద్దాము.

మొదటిది పశువుల కొవ్వు. ఐరోపాలో పేదవాని వెలుగు ఇదే. ఇది రమారమి 40 నుండి 50 డిగ్రీల మధ్య కరుగుతుంది. దీనిలో గ్లిసరిన్ కలిసి ఉండటం వలన ఆర్పినప్పుడు ఘాటైన కంపు వస్తుంది. వత్తి మసిని మాటిమాటికి కత్తిరించాలి. రాజమహేంద్రవరంలో మే నెల ఎండ 45 డిగ్రీలు దాటే రోజులుంటాయి. అలాంటి వేడికి కొవ్వు వత్తి నిటారుగా నిలవదు. దీనికి తోడు మనస్సాక్షి సమస్య ఉన్నది. 1857లో తూటాల మీద పూసిన ఆవు, పంది కొవ్వు గురించి వచ్చిన వదంతి ఎంత మంట రేపిందో మనకు తెలుసు. 1983లో వనస్పతిలో పశువుల కొవ్వు కలిసిందన్న వివాదం దేశాన్ని మరల కుదిపింది. పొరుగువారి ప్రశ్న వెనుక ఇంత చరిత్ర ఉన్నది.

రెండవది తేనె మైనం. 62 నుండి 64 డిగ్రీల వద్ద కరుగుతుంది గనుక మన ఎండకు తట్టుకొంటుంది. మెల్లగా కాలుతుంది, మంచి వాసన ఇస్తుంది. అయితే ఖరీదు పారాఫిన్‌కు అనేక రెట్లు. మధ్యయుగపు ఐరోపాలో కూడా దీనిని కొనగలిగినవారు మఠాలు, దేవాలయాలు, ధనవంతులే. మన కొండ తేనెటీగల మైనం, ఐరోపా తేనెటీగల మైనం ఒకే రసాయన కూర్పు గలవి కావు. మన మైనంలో ఆమ్లాల పాలు తక్కువ. చూపుకు తేడా తెలియదు.

మూడవది తిమింగలపు మైనం. పద్దెనిమిదవ శతాబ్దిలో స్పెర్మ్ తిమింగలం తలలోని పదార్థంతో తెల్లని, వాసన లేని వత్తులు చేశారు. 1860 నాటి ఇంగ్లండు చట్టం వెలుగును కొలవడానికి ఈ వత్తినే ప్రమాణంగా తీసుకొన్నది. "క్యాండిల్ పవర్" అన్న మాట వెనుక ఒక తిమింగలం ఉన్నది.

నాల్గవది స్టియరిన్. ఫ్రెంచి శాస్త్రవేత్త షెవ్రూల్ కొవ్వులోని ఆమ్లాలను గ్లిసరిన్ నుండి వేరుచేసే విధానాన్ని 1823లో ప్రకటించాడు. గ్లిసరిన్ పోవడంతో కంపు పోయింది, వత్తి గట్టిపడింది. 1825 ప్రాంతంలో కాంబసెరె అల్లిన వత్తిని కనిపెట్టాడు. అది వంగి తన కొసను తానే కాల్చుకొంటుంది గనుక కత్తిరించే పని తప్పింది. లండనులోని ప్రైస్ కంపెనీ సింహళపు కొబ్బరి నూనె నుండి తీసిన స్టియరిన్‌ను కొవ్వుతో కలిపి, 1840లో విక్టోరియా రాణి వివాహ సమయానికి చౌక వత్తులు అమ్మింది. తరువాత పశ్చిమ ఆఫ్రికా పామాయిలు వాడుతూ, ఆ నూనె కొంటే బానిస వ్యాపారానికి బదులు న్యాయమైన వ్యాపారం పెరుగుతుందని వాదించింది. కొనేవాని మనస్సాక్షికి సరకును ముడిపెట్టడం ఈనాటి ఆలోచన కాదని దీనివలన తెలుస్తున్నది.

ఐదవది పారాఫిన్. 1830లో రైఖెన్‌బాక్ దీనిని వేరుచేశాడు. 1850లో జేమ్స్ యంగ్ బొగ్గు నుండి పారాఫిన్ నూనె తీసే పద్ధతికి పేటెంటు పొందాడు. కొవ్వొత్తులకు వాడేది సాధారణంగా 50 నుండి 60 డిగ్రీల మధ్య కరిగే రకం. తక్కువ డిగ్రీల రకం వేసవిలో వంగిపోతుంది. అందుకే తయారీదారులు కొంత స్టియరిక్ ఆమ్లం కలిపి గట్టిపరుస్తారు. చౌక, తెలుపు, సులభంగా అచ్చులో పోయవచ్చు. తక్కిన వాటినన్నిటినీ ఇది బజారునుండి తోసివేసింది.

ఈ రకాలన్నిటిని ఒక విశ్వాసి పక్కపక్కన పెట్టి పోల్చి చూపించిన సందర్భం ఒకటి మన విద్యార్థులు తెలుసుకొనదగినది. శాండిమేనియన్ సంఘంలో పెద్దగా సేవ చేసిన మైఖేల్ ఫారడే లండను రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లలకు ఇచ్చిన క్రిస్మస్ ఉపన్యాసాలకు కొవ్వొత్తినే అంశంగా తీసుకొన్నాడు. 1860–61లో ఇచ్చినవి 1861లో పుస్తకంగా వచ్చాయి. కొవ్వు, తిమింగలపు మైనం, తేనె మైనం, స్టియరిన్, పారాఫిన్ అన్నిటిని వరుసగా చూపి, అన్నిటిలోను జరిగే దహనం ఒకటేనని నిరూపించాడు. ఏది కాలినా చివరకు మిగిలేవి బొగ్గుపులుసు వాయువు, నీటి ఆవిరి.

6. కొండ మైనము, సముద్రపు మైనము

అన్నవరం ఉన్న చోటు ఈ చరిత్రను అర్థం చేసుకోవడానికి అనువైనది. 2022 ఏప్రిల్ వరకు తూర్పు గోదావరిలో ఉన్న ఈ ఊరు ఇప్పుడు కాకినాడ జిల్లాలో ఉన్నది. ఒకవైపు శంఖవరం దాటితే అడ్డతీగల, రాజవొమ్మంగి కొండలు. మరోవైపు కాకినాడ తీరం. తేనె మైనం కొండనుండి దిగింది. పారాఫిన్ సముద్రం మీద వచ్చింది.

కొండల్లో కొండరెడ్లు, కోయలు ఎత్తైన చెట్ల నుండి, బండల నుండి పొగబెట్టి తేనెపట్టు దింపుతారు. ప్రాణాపాయమైన పని అది. తేనె పిండగా మిగిలినదే మైనం. వారి అటవీ ఉత్పత్తులను దళారుల చేతిలో పడకుండా కొనడానికి 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. బలిపీఠం మీద తేనె మైనం కావాలని కోరేవారు తేనెటీగ శ్రమనే కాక తాడు పట్టుకొని వేలాడే మనిషి శ్రమను కూడా తలచుకోవాలి. పూర్వపు స్తుతిగానం తేనెటీగను స్మరించింది. తేనె దింపేవాణ్ణి స్మరించవలసిన బాధ్యత మనకు మిగిలింది.

ఇక సముద్రపు మైనం. బర్మాలోని ఎనాంజాంగ్ బావుల ముడి చమురులో మైనం పాలు ఎక్కువ. 1850ల దశకంలోనే ప్రైస్ కంపెనీ ఈ "రంగూన్ నూనె" నుండి పారాఫిన్ తీయనారంభించింది. 1886లో బర్మా ఆయిల్ కంపెనీ ఏర్పడ్డాక రంగూన్ ఎదుట సిరియం శుద్ధి కర్మాగారంలో కిరసనాయిలు, మైనం, కొవ్వొత్తులు తయారై ఇండియా బజారుకు వచ్చాయి. అదే కాలంలో కోరంగి, కాకినాడ రేవుల నుండి వేలాది తెలుగువారు కూలికోసం రంగూన్ వెళ్లారు. బర్మాలో వారిని "కోరంగీలు" అని పిలిచేవారు. రేవుల్లో, బియ్యపు మిల్లుల్లో వారి చెమట ధారపోశారు. డెల్టా మనిషి ఓడెక్కి పోయాడు, బర్మా నూనె ఓడెక్కి వచ్చింది. ఆముదపు దీపాన్ని కిరసనాయిలు బుడ్డి, పల్లె గుడిలో పెట్రోమాక్సు లైటు పక్కకు నెట్టాయి. అదే ముడి చమురులో మిగిలిన మైనమే మన కొవ్వొత్తి.

1942 మార్చిలో జపాను సేనలు రంగూన్ సమీపించగా బ్రిటిషువారు సిరియం కర్మాగారాన్ని తామే ధ్వంసం చేశారు. తెలుగు కుటుంబాలు అడవుల గుండా కాలినడకన తిరిగి వచ్చాయి, దారిలో ఎందరో చనిపోయారు. ఏప్రిల్ 6న కాకినాడ మీద కూడా బాంబులు పడ్డాయి. తరువాతి కాలంలో మన దేశపు పారాఫిన్ ముఖ్యంగా అస్సాంలో 1901లో మొదలైన డిగ్బాయ్ శుద్ధి కర్మాగారం వంటి చోట్ల నుండి వచ్చింది.

7. నేటి సంఘమునకు

ఈ చరిత్ర వెలుగులో కొన్ని సూచనలు చేయవచ్చును.

ఒకటి, పొరుగువారి ప్రశ్నకు నిజం చెప్పాలి. కొవ్వొత్తిలో ముఖ్య పదార్థం పారాఫిన్, అది పశువులది కాదు. కాని గట్టిదనానికి కలిపే స్టియరిక్ ఆమ్లం పామాయిలు నుండి రావచ్చు, పశువుల కొవ్వు నుండి కూడా రావచ్చు. రెండూ ఒకే రసాయనం గనుక చూచి, వాసన చూచి చెప్పలేము. తయారీదారుని అడిగి తెలుసుకోవాలి. 1 కొరింథీయులకు 10:27–29లో అపొస్తలుడు ఎదుటివాని మనస్సాక్షి గురించి చెప్పిన సూత్రం ఇక్కడ కూడా వర్తిస్తుంది. సందేహం తీరని చోట నూనె దీపం వెలిగిస్తే మన ఆరాధనకు లోటేమీ రాదు.

రెండు, పారాఫిన్ వత్తిని తేనె మైనపు వత్తిగా అమ్మడం, కొనడం తగదు. శుద్ధమైన మైనం మీద ప్రసంగించే గుడిలో కల్తీ మైనం వెలిగితే అది మైనపు సమస్య కాదు, సత్యమునకు సంబంధించిన సమస్య.

మూడు, పారాఫిన్ పొగ మాత్రమే హానికరమన్న ప్రచారాన్ని నమ్మి భయపడనక్కరలేదు. వత్తి పొడవు ఎక్కువైనా, గాలి విసిరినా ఏ మైనమైనా మసి పడుతుంది. వత్తిని పావు అంగుళం మించకుండా ఉంచడం, కిటికీలు తెరవడం, పందిళ్ల గుడ్డలకు దూరంగా నిలపడం, పిల్లల చేతిలోని వత్తికి కింద అట్ట తొడగడం అంతకంటె ముఖ్యం.

నాలుగు, వెలిగించేవారు వెలిగించనివారిని తీర్పు తీర్చకూడదు, వెలిగించనివారు వెలిగించేవారిని తృణీకరించకూడదు. ఎల్విరా సభ, జెరోము, లూథరు, జ్వింగ్లీ ఒక్క మాట మీదికి రాలేకపోయిన విషయంలో మన సంఘాలు చీలనవసరం లేదు.

ముగింపు

కొవ్వు, తేనె మైనం, తిమింగలపు మైనం, స్టియరిన్, పారాఫిన్ – వీటిలో ఏదీ సీనాయి కొండమీద ఆజ్ఞాపింపబడలేదు. ఒలీవ చెట్టు లేని డెల్టాలో మన పితరులు ఆముదము, నువ్వుల నూనె పోసి ప్రార్థన చేశారు. ఆ ప్రార్థనలు కొరవడినవి కావు. దీపం కింద చీకటి అని మన సామెత. కొవ్వొత్తి కింది చీకటిలో కొండరెడ్డి, రంగూన్ కూలీ, అచ్చుపోసే స్త్రీ ఉన్నారు. మైనం గురించి వాదించేవారికి వారు కనబడితే ఈ చరిత్ర చదివినందుకు ఫలితం దక్కినట్లే.

మన విద్యార్థులకు ఒక పరిశోధనాంశం సూచించి ముగిస్తాను. మన పాత సంఘాలలో నూరేళ్లనాటి లెక్కల పుస్తకాలు ఇంకా బీరువాల్లో ఉన్నాయి. వాటిలో నూనెకు, కిరసనాయిలుకు, కొవ్వొత్తులకు రాసిన పద్దులు ఏ సంవత్సరంలో మొదలై ఏ సంవత్సరంలో ఆగిపోయాయో వరుసగా ఎత్తి వ్రాస్తే, మన ఆరాధన ఎప్పుడు ఎలా మారినదో మిషను నివేదికలు చెప్పని సంగతులు బయటపడతాయి. చెదలు తినకముందే ఆ పుస్తకాలు తెరవాలి.